క్లోమం లీక్ అయిన మనిషికి తిండి, మందులు ఎలా ఇవ్వాలి? ఇంట్లోవాళ్ల కోసం

"నిన్న రెండు ఇడ్లీలు పెట్టాను మేడం. రాత్రికల్లా బ్యాగు నిండింది. అందుకే ఇవాళ పొద్దున్నుంచీ ఏమీ పెట్టలేదు."

సర్జరీ వార్డులో డైటీషియన్‌గా ఈ మాట వినకుండా నాకు నెల గడవదు. చెప్పేది ఎక్కువగా భార్య, లేదంటే కూతురు. లీకైన క్లోమరసం పైపులోంచి వచ్చి చేరే, మంచం పక్కన వేలాడే డ్రెయిన్ బ్యాగునే రోజంతా చూస్తూ ఉంటారు. కడుపు మాడిస్తే కారడం ఆగుతుందని వాళ్ల ఆశ. వాళ్లను తప్పు పట్టలేను, ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనుకునేవారు. నోటికి ఏమీ ఇవ్వకుండా వారాల తరబడి రక్తనాళం ద్వారానే అంతా ఎక్కించేవారు.

ఆ పద్ధతి మారింది. రసం తగ్గించడం ఒక పని, చిల్లు పూడడం ఇంకో పని. మందులు మొదటి పనికి కొంత సాయపడతాయి. రెండోది జరగాలంటే అక్కడ కొత్త కండ పుట్టాలి. పస్తులున్న ఒంట్లో అది పుట్టదు. ఈ కాగితం డ్రెయిన్ పైపుతో ఇంటికి వచ్చినవాళ్ల కోసం, త్వరలో రాబోతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఇందులోని లెక్కలు మీ డాక్టరుతో మాట్లాడేటప్పుడు పనికొస్తాయి. మోతాదు మార్చే ముందు మాత్రం ఆయన్ను అడగాల్సిందే.

1. మీ మనిషికి ఉన్నది ఎలాంటి లీకో తెలుసుకోండి

క్లోమం, అంటే ప్యాంక్రియాస్, రోజుకు లీటరు నుంచి లీటరున్నర రసం తయారు చేస్తుంది. పిండిని, కొవ్వును, మాంసకృత్తులను అరిగించే ఎంజైములు అందులో ఉంటాయి. వాటితో పాటు సోడియం, బైకార్బనేట్ కూడా. విపుల్ ఆపరేషన్‌లో క్లోమం తలభాగం తీసేసి మిగిలినదాన్ని పేగుకు కుడతారు. ఆ కుట్టు దగ్గర రసం ఊరితే అదే లీక్. తోకభాగం తీసినప్పుడూ, ప్యాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాపు, ముదిరి క్లోమం కుళ్లినప్పుడూ, బండి హ్యాండిల్ కడుపులో గట్టిగా పొడుచుకున్నప్పుడూ ఇలాగే జరగొచ్చు.

ఆపరేషన్ అయిన మూడో రోజున గానీ ఆ తర్వాత గానీ డ్రెయిన్ నీటిని అమైలేజ్ (పిండిని అరిగించే క్లోమం ఎంజైము) పరీక్షకు పంపుతారు. రక్తంలో అమైలేజ్‌కు ఉండే గరిష్ఠ హద్దుకు మూడు రెట్లు మించితే లీక్ ఉన్నట్టు. ఆ అంకె ఒక్కటే పెరిగి మనిషి బాగానే ఉంటే దాన్ని బయోకెమికల్ లీక్ అంటారు. 2016లో సర్జన్ల అంతర్జాతీయ బృందం సవరించిన లెక్క ప్రకారం అది అసలు ఫిస్టులా (చికిత్స మార్చాల్సిన నిజమైన లీక్) కిందికే రాదు. పైపు మూడు వారాలు దాటినా ఉంచాల్సి వచ్చినా, స్కానింగ్‌లో చూస్తూ ఇంకో పైపు వేయాల్సి వచ్చినా, ఇన్ఫెక్షన్ వచ్చినా అది బి గ్రేడ్. మళ్లీ ఆపరేషన్ అవసరమైతే, కిడ్నీల్లాంటి అవయవాలు దెబ్బతింటే సి గ్రేడ్. ఇంటికి పైపుతో పంపేవాళ్లలో ఎక్కువమంది బి గ్రేడ్‌వాళ్లు.

డిశ్చార్జికి ముందు అడిగి రాయించుకోవాల్సినవి: ఏ గ్రేడు, చివరి అమైలేజ్ ఎంత, రోజుకు ఎన్ని మి.లీ. వస్తోంది, నోటితో తినొచ్చా లేక ట్యూబు ఫీడేనా, రాత్రి రెండింటికి అవసరం పడితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి. ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద జరిగి ఉంటే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి, ఇంటికెళ్లాక వచ్చే ఇబ్బందులకు, మందులకు ఏమేం వర్తిస్తుందో అప్పుడే కనుక్కోండి. బస్సెక్కాక గుర్తొస్తే లాభం లేదు.

2. ఒక నోటుపుస్తకం పెట్టండి

పిల్లల రూళ్ల పుస్తకం చాలు. రోజుకో పేజీ. పొద్దున ఒకే వేళకు డ్రెయిన్ బ్యాగు ఖాళీ చేసి, కొలత గీతలున్న గ్లాసులో కొలిచి రాయండి. బ్యాగు మీది గీతలను నమ్మొద్దు, అవి సరిగ్గా చూపించవు. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పైపు ముట్టుకోవాలి. బ్యాగు ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి.

అంకె పక్కనే రంగు రాయండి. నీళ్లలా తేటగా ఉంటే అది ఎక్కువగా క్లోమరసమే. ఆకుపచ్చగా ఉంటే పైత్యరసం, అంటే కాలేయం నుంచి వచ్చే పసరు, కలుస్తోంది. బూడిద రంగులో, మురికిగా, వాసనతో ఉంటే ఇన్ఫెక్షన్ అనుమానం. పాలలా తెల్లగా ఉంటే అది లింఫ్ నాళాల (పేగు నుంచి కొవ్వును మోసుకెళ్లే నాళాల) లీక్ కావచ్చు. దాని పథ్యం పూర్తిగా వేరు, కొవ్వు చాలా తగ్గించాలి. కాబట్టి తెల్లగా కనిపించిన రోజే డాక్టరుకు చెప్పండి. ఎరుపు సంగతి చివర్లో విడిగా రాశాను. దయచేసి అది చదవకుండా ఈ కాగితం పక్కన పెట్టకండి.

రోజుకు 200 మి.లీ. లోపు వస్తే తక్కువ కారే లీక్, దాటితే ఎక్కువ కారే లీక్ అంటాం. ఎక్కువ కారేవాళ్లకు నీళ్లతో పాటు ఉప్పూ, బైకార్బనేటూ పోతాయి. ఆ లోటు మంచినీళ్లతో తీరదు. పైగా ఉత్త నీళ్లే ఎక్కువగా తాగితే రక్తంలో సోడియం ఇంకా పడిపోతుంది. లీటరు నీళ్లలో కలిపే ఓఆర్‌ఎస్ పొడి ఇక్కడ బాగా పనికొస్తుంది. అందులోని సిట్రేట్‌ను ఒళ్లు బైకార్బనేట్‌గా మార్చుకుంటుంది. ఎంత తాగించాలో డాక్టరు చెబుతారు. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు సొంతంగా మొదలుపెట్టకూడదు. షుగరు ఉన్నవాళ్లు అందులోని గ్లూకోజును కూడా లెక్కలో వేసుకోవాలి.

వారానికోసారి, పొద్దున, అదే బరువు యంత్రం మీద తూచండి. పాదాలు వాచాయేమో చూడండి. వాపు వస్తే బరువు పెరిగినట్టే కనిపిస్తుంది, లోపల కండ మాత్రం కరిగిపోతూ ఉంటుంది.

3. రోజుకు ఎంత కావాలో లెక్క కట్టండి

లీక్ ఉన్న మనిషికి కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 50 కిలోల మనిషి అనుకుంటే 1250 నుంచి 1500 కేలరీలు, 60 నుంచి 75 గ్రాముల మాంసకృత్తులు. కేలరీలు అన్నంతో, జావతో ఎలాగో సర్దుకోవచ్చు. మన ఇళ్లలో ఎప్పుడూ వెనకబడేది మాంసకృత్తుల దగ్గరే.

ఒక జాగ్రత్త. పది రోజులకు పైగా సరిగ్గా తిననివాళ్లకు, బాగా చిక్కిపోయినవాళ్లకు, రోజూ మద్యం తాగే అలవాటు ఉండినవాళ్లకు ఒక్కసారిగా పూర్తి తిండి పెట్టకూడదు. ఆకలితో మాడిన ఒంటికి హఠాత్తుగా పిండిపదార్థం అందితే రక్తంలోని ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి జారిపోతాయి. గుండె లయ తప్పొచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఇలాంటివాళ్లకు ఆసుపత్రిలో కిలోకు 10 కేలరీలతో మొదలుపెట్టి, రోజూ రక్తపరీక్ష చేస్తూ నాలుగైదు రోజుల నుంచి వారంలోగా పెంచుకుంటూ పోతాం. తిండికి ముందే బి1 విటమిన్, అంటే థయామిన్, ఇస్తాం. మీ మనిషి ఈ కోవలో ఉంటే "నెమ్మదిగా పెంచుతున్నారు, సరిగ్గా పెట్టడం లేదు" అని డైటీషియన్ మీద కోపగించుకోకండి.

4. ఏ దారిలో ఇవ్వాలి?

దారులు మూడు: నోరు, పేగులోకి వేసిన ట్యూబు, రక్తనాళం.

పేగు పనిచేస్తుంటే పేగునే వాడాలి. 2011లో పోలండ్‌లో 78 మంది రోగులతో ఒక పరిశోధన జరిగింది, అందరూ ఆపరేషన్ తర్వాత క్లోమం లీక్ అయినవాళ్లే. సగం మందికి పేగు ట్యూబులో ఫీడ్ ఇచ్చారు, సగం మందికి రక్తనాళంలో పోషకాహారం ఎక్కించారు. 30 రోజుల్లో ట్యూబు ఫీడ్ వాళ్లలో 60 శాతం మందికి లీక్ మూసుకుంది. రక్తనాళం వాళ్లలో 37 శాతానికే. ఆ తర్వాత 2019లో, విపుల్ తర్వాత లీక్ వచ్చి పరిస్థితి నిలకడగా ఉన్నవాళ్లలో నోటితో తిన్నవాళ్లనూ ట్యూబు ఫీడ్ వాళ్లనూ పోల్చి చూశారు. నెలలోగా మూసుకున్నది 88 శాతం, 89 శాతం. అంటే తేడా లేనట్టే. ఇడ్లీ పెట్టినందుకు ఏడ్చే ప్రతి ఇల్లాలికీ ఈ రెండు అంకెలూ చూపించాలనిపిస్తుంది నాకు. తిన్న రోజు బ్యాగులో 30, 40 మి.లీ. ఎక్కువ రావచ్చు. అంత మాత్రాన లీక్ ముదిరినట్టు కాదు.

అయితే అందరికీ నోరు కుదరదు. జ్వరం, ఇన్ఫెక్షన్ తగ్గనివాళ్లు, కడుపు ఉబ్బి వాంతులు అవుతున్నవాళ్లు, విపుల్ తర్వాత పొట్ట ఖాళీ అవక ఇబ్బంది పడేవాళ్లు, తినగానే లీక్ బాగా పెరిగిపోయేవాళ్లు ట్యూబు మీద ఉండాలి. ఆ ట్యూబు ముక్కులోంచి పొట్ట దాటి చిన్నపేగు దాకా వెళ్తుంది, లేదా ఆపరేషన్‌లోనే కడుపు గోడలోంచి నేరుగా పేగులోకి వేస్తారు. కడుపు గోడలోంచి వేసే ఈ రెండో రకాన్ని వార్డులో ఎఫ్‌జే అంటారు. చిన్నపేగులోకి నేరుగా ఇచ్చిన ఆహారం క్లోమాన్ని అంతగా ఉసిగొల్పదు.

రక్తనాళం ద్వారా ఇచ్చే టీపీఎన్ పేగు అసలు పనిచేయనప్పుడు, లేదా ట్యూబు ఫీడ్ అవసరానికి సరిపడా ఎక్కనప్పుడు వాడేది. ప్రాణం నిలబెడుతుంది, సందేహం లేదు. కానీ మెడలోనో చేతిలోనో వేసిన లైనుకు ఇన్ఫెక్షన్ రావచ్చు, షుగరు, ట్రైగ్లిజరైడ్లు పెరగొచ్చు. "బాటిల్ పెడితే బలం వస్తుంది, ఫీడింగ్ ట్యూబు తీసేసి అదే పెట్టండి" అని అడిగేవాళ్లు చాలామంది. అలా అడగొద్దని నా మనవి.

5. ట్యూబు ఫీడ్ ఇంట్లో ఇచ్చే తీరు

ఇంటికి వెళ్లాక తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ట్యూబు ఒంట్లోంచి బయటికి వచ్చే చోట పెన్నుతో గీత గీసి ఉంచండి. ప్రతిసారీ ఫీడ్ పెట్టే ముందు ఆ గీత అక్కడే ఉందో లేదో చూడాలి. జరిగి ఉంటే ఫీడ్ పెట్టకుండా ఫోన్ చేయండి. తల కింద దిండ్లు పెట్టి నడుము పైభాగం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, ఫీడ్ అయ్యాక కూడా కాసేపు.

పేగుకు పొట్టలాంటి సంచి లేదు. సిరంజితో ఒక్కసారి 200 మి.లీ. పోసేస్తే కడుపులో మెలిపెడుతుంది, చెమటలు పడతాయి, విరేచనాలు అవుతాయి. చుక్కలు చుక్కలుగా వెళ్లాలి. మేం ఆసుపత్రిలో గంటకు 20, 25 మి.లీ.తో మొదలుపెట్టి, తట్టుకుంటే పెంచుతాం. మి.లీ.కి ఒక కేలరీ ఉండే ఫీడ్ గంటకు 75 మి.లీ. చొప్పున 18 గంటలు వెళ్తే 1350 కేలరీలు. పంపు ఉంటే సుఖం. లేకపోతే ఫీడింగ్ బ్యాగు రోలరుతో చుక్కలు సరిచేసుకోవచ్చు, కానీ గంటకోసారి చూసుకోవాలి. కొన్నాళ్లకు రాత్రిపూట మాత్రమే ఇచ్చి, పగలు నోటితో తినేలా మార్చవచ్చు. మనిషి లేచి తిరుగుతాడు, పగలు ఆకలీ పుడుతుంది.

ఏం పోయాలి? ఎఫ్‌జే, ముక్కు ట్యూబు రెండూ సన్నవే. ఇంట్లో మిక్సీ పట్టిన అన్నం, పప్పు, కూరగాయల రసం ఎంత వడగట్టినా అందులో అడ్డుపడుతుంది. అంతకంటే పెద్ద భయం క్రిములది. పొట్టలోని ఆమ్లం క్రిములను చాలావరకు చంపుతుంది, ఈ దారిలో ఆ కాపలా లేదు. అందుకే ఈ ట్యూబులకు డబ్బాలో వచ్చే ఫీడ్ పొడే మేలు. కాచి చల్లార్చిన నీళ్లతో, కడిగి వేడినీళ్లతో తొలిచిన పాత్రలో కలపండి. మామూలు ఫీడే చాలామందికి సరిపోతుంది. విరేచనంలో నూనె తేలితే, కడుపు ఉబ్బితే పెప్టైడ్ రకం (మాంసకృత్తులను ముందే చిన్న ముక్కలుగా విడగొట్టినది), ఎంసీటీ కొవ్వు (తేలిగ్గా ఒంటికి పట్టే కొవ్వు) ఉన్న ఫీడుకు మారుస్తాం. అది ఖరీదు ఎక్కువ. మొదటి రోజు నుంచే అదే కావాలని అప్పు చేయాల్సిన అవసరం లేదు.

కలిపిన ఫీడ్‌ను బ్యాగులో నాలుగు గంటలకు మించి వేలాడదీయకండి. మే నెల ఎండల్లో రెండు గంటలే. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లో వాడాలి. దాన్ని పొయ్యి మీద వేడి చేయకుండా, బయట ఉంచి చల్లదనం పోయాక పెట్టండి. పాత ఫీడ్ మిగిలిన బ్యాగులోనే కొత్తది పోయకండి.

ప్రతి నాలుగు గంటలకూ, ఫీడ్ ఆపిన ప్రతిసారీ, మందు వేసే ముందూ వేశాకా 30 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్లు సిరంజితో పంపండి. ట్యూబు మూసుకుపోతే గోరువెచ్చటి నీళ్లు పెద్ద సిరంజిలో తీసుకుని నెమ్మదిగా నెట్టి, వెనక్కి లాగి, మళ్లీ నెట్టండి. చిన్న సిరంజితో బలంగా నెడితే ఒత్తిడి పెరిగి ట్యూబు పగలొచ్చు. కూల్‌డ్రింకు పోయడం, తీగతో పొడవడం వద్దు. ఎఫ్‌జే ఊడి వచ్చేస్తే మీరే లోపలికి దూర్చకండి. శుభ్రమైన గుడ్డ కప్పి, ట్యూబును వెంట పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఆ రంధ్రం గంటల్లోనే మూసుకుపోతుంది.

విరేచనాలు మొదలైతే మొదట ఫీడునే తిట్టుకుంటాం. కానీ ట్యూబులో వేసే సిరప్పులు కూడా చూడండి. చాలా సిరప్పుల్లో తీపి కోసం సార్బిటాల్ ఉంటుంది, అదే కడుపు జారుస్తుంది. యాంటీబయాటిక్ వల్ల కూడా కావచ్చు. వేగం తగ్గించి చూడండి, చేతుల శుభ్రం సరిచూసుకోండి, రెండో రోజుకూ తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. కడుపు గట్టిగా ఉబ్బి నొప్పి వస్తే మాత్రం ఫీడ్ ఆపేసి వెంటనే ఫోన్ చేయండి.

6. నోటితో తినేవాళ్లకు ఏం పెట్టాలి

మూడు పూటలు కాదు, ఆరు చిన్న పూటలు. విపుల్ అయినవాళ్లకు గిన్నెడు అన్నం చూస్తేనే కడుపు నిండినట్టుంటుంది, కాబట్టి కంచం చిన్నదిగా ఉండాలి. ముందు మాంసకృత్తు, తర్వాత అన్నం. పళ్లెంలో మొదట గుడ్డు ముక్క, చేప, పప్పు తినిపించండి. కడుపు నిండిపోతే మిగిలేది అన్నమే అవుతుంది.

50 కిలోల మనిషికి ఒక రోజు ఇలా ఉండొచ్చు. పొద్దున రెండు ఇడ్లీలు, ఒక ఉడికించిన గుడ్డు, తెల్లసొన ఇంకొకటి. పది గంటలకు పాలలో కలిపిన మాంసకృత్తుల పొడి, లేదంటే పుట్నాల పొడి కలిపిన చిక్కటి రాగిజావ. మధ్యాహ్నం మెత్తటి అన్నం, గట్టి పెసరపప్పు, 100 గ్రాముల కొరమీను పులుసు కారం తగ్గించి. నాలుగింటికి గిన్నెడు పెరుగు. రాత్రి అన్నం, చిన్న ముక్కలుగా మెత్తగా ఉడికిన కోడికూర. పడుకునే ముందు గ్లాసు పాలు. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6, 7 గ్రాములు, చేపముక్కల్లో 18 దాకా వస్తాయి. శాకాహారులకు పనీర్, పెరుగు, సోయా, పప్పులతో ఈ లెక్క చేరొచ్చు. కొంచెం కష్టమే, పొడి సాయం తీసుకోవడంలో తప్పు లేదు.

ఇంటింటా వినిపించే ప్రశ్న: నూనె మానేయాలా? పూర్తిగా మానేస్తే కేలరీలు ఎలా వస్తాయి? కూరలో చెంచా నూనె, అన్నంలో కొద్దిగా నెయ్యి ఫరవాలేదు. బజ్జీలు, వేపుళ్లు, మాంసం కొవ్వు వద్దు. పత్యం పేరుతో నెలల తరబడి కారప్పొడి లేని మజ్జిగన్నం మాత్రమే పెట్టే ఇళ్లు చూశాను. అలా ఉన్న ఒక పెద్దాయన డ్రెయిన్ ఐదు వారాలకూ తగ్గలేదు, చేతుల కండ కరిగి గాజుల్లా ఎముకలు తేలాయి. మాంసకృత్తులు పెంచి, ఎంజైములు మొదలుపెట్టాక మూడో వారానికి తేరుకున్నాడు. ఒక్క మనిషితో నియమం కట్టలేం, కానీ ఆ చేతులు నాకు గుర్తున్నాయి.

మద్యం, సిగరెట్, బీడీ, ఖైనీ అన్నీ పూర్తిగా బంద్. ఇందులో బేరం లేదు.

7. ఎంజైము క్యాప్సూళ్లు

రసం పేగుకు వెళ్లకుండా బ్యాగులోకి వెళ్తోంది. మిగిలిన క్లోమం కూడా సగమే. అందువల్ల తిన్నది అరగదు. మలం జిడ్డుగా, లేత రంగులో, దుర్వాసనతో, నీళ్లు పోసినా పోకుండా ఉంటే అది కొవ్వు అరగకపోవడం. పాంక్రియాటిన్ క్యాప్సూళ్లు దీనికే. పెద్దవాళ్లకు మామూలుగా భోజనానికి 40,000 నుంచి 50,000 యూనిట్ల లైపేజ్ (కొవ్వును అరిగించే ఎంజైము), చిన్న తిండికి అందులో సగం.

వేసుకునే వేళలోనే చాలామంది పొరబడతారు. భోజనానికి అరగంట ముందు వేస్తే వృథా, తిన్నాక వేసినా అంతే. మొదటి ముద్దతో ఒకటి, భోజనం మధ్యలో ఇంకొకటి వేయాలి. నమలకూడదు, వేడి టీతోనో వేడి పాలతోనో మింగకూడదు. మింగలేకపోతే క్యాప్సూలు విప్పి గుళికలను చెంచా అరటిపండు గుజ్జులో కలిపి నమలకుండా మింగించి, నీళ్లు తాగించండి. సన్నటి ట్యూబులో ఆ గుళికలు పోయొద్దు, ఇరుక్కుపోతాయి. డబ్బా ఎండ తగలని చల్లటి చోట ఉంచండి. ఈ ఎంజైములు పంది క్లోమం నుంచి తీసినవి. డాక్టర్లు రాసే రకాలు దాదాపు అన్నీ అంతే. మతం రీత్యా, ఆచారం రీత్యా అభ్యంతరం ఉన్న కుటుంబాలకు ఈ సంగతి ముందే చెప్పి, ఆలోచించుకునే వీలివ్వాలని నా అభిప్రాయం.

జిడ్డు మలం వారాల తరబడి ఉంటే ఎ, డి, ఇ, కె విటమిన్లు, జింక్, బి12 తగ్గిపోతాయి. పరీక్ష చేయించి డాక్టరు రాసినవి వాడండి.

8. రసం తగ్గించే ఇంజెక్షన్

ఆక్ట్రియోటైడ్ పేరు మీరు వినే ఉంటారు. మన ఒంట్లోనే ఉండే సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ రసాలను అదుపులో పెడుతుంది. అది రక్తంలో రెండు మూడు నిమిషాలకే కరిగిపోతుంది, కాబట్టి ఇవ్వాలంటే ఆగకుండా ఎక్కించాలి. ఆక్ట్రియోటైడ్ దానికి ఎక్కువసేపు నిలిచే రూపం. మామూలుగా 100 మైక్రోగ్రాములు రోజుకు మూడుసార్లు చర్మం కింద ఇస్తారు.

దాని మీద పెట్టుకోవాల్సిన ఆశ ఎంతో నిజాయితీగా చెప్పాలి. బ్యాగులో కారే పరిమాణం తగ్గుతుంది. కానీ ఎన్నో పరిశోధనలను కలిపి చూసినా, మూసుకునే లీకుల సంఖ్య దానివల్ల స్పష్టంగా పెరిగినట్టు తేలలేదు. ఎక్కువ కారే లీకులకు, ఉప్పు నీళ్ల లోటు తీర్చలేకపోతున్నప్పుడు ఉపయోగం ఉంటుంది. రోజుకు 40 మి.లీ. కారే మనిషికి సర్జన్ అది రాయకపోతే "మంచి మందు దాస్తున్నారు" అనుకోవద్దు. మొదలుపెట్టిన కొద్ది రోజుల్లో తేడా లేకపోతే ఆపడమూ మామూలే. ఆక్ట్రియోటైడ్ కోవకే చెందిన పాసిరియోటైడ్ గురించి ఇంటర్నెట్‌లో చదివి అడిగేవాళ్లున్నారు. 2014లో న్యూయార్క్‌లో 300 మందిపై చేసిన పరిశోధనలో, ఆపరేషన్ వేళ నుంచే ఇస్తే లీక్, చీముగడ్డ వంటివి 21 శాతం నుంచి 9 శాతానికి తగ్గాయి. అది రాకుండా చూడటానికి ఇచ్చిన మందు. వచ్చేసిన లీక్‌కు ఆ అంకెలు వర్తించవు.

ఇంజెక్షన్ ఇంట్లో ఇస్తుంటే ఫ్రిజ్‌లో ఉంచండి, డీప్ ఫ్రీజర్‌లో కాదు. చల్లగా గుచ్చితే మంట పుడుతుంది, కాసేపు బయటపెట్టి ఇవ్వండి. ఒకసారి పొట్ట కుడివైపు, ఇంకోసారి ఎడమ, తర్వాత తొడ, ఇలా చోటు మార్చండి. వికారం, కడుపు మెలికలు, జిడ్డు విరేచనాలు, నాడి నెమ్మదించడం రావచ్చు. షుగరు పెరగొచ్చు, తగ్గొచ్చు.

9. మిగతా మందులు

యాంటీబయాటిక్ లీక్‌ను మూయదు. జ్వరం, తెల్లకణాల పెరుగుదల, చీము ఉంటే డ్రెయిన్ నీటిని కల్చర్‌కు, అంటే క్రిముల పరీక్షకు, పంపి, ఆ క్రిమి ఏ మందుకు లొంగుతుందో చూసి ఇస్తారు. మందుల షాపులో అడిగి కొనకండి.

పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర పరగడుపున వేయాలి. ఇది పొట్ట ఆమ్లం తగ్గించి ఎంజైము క్యాప్సూలు పనితీరుకూ సాయపడుతుంది. నొప్పి మాత్రల్లో డైక్లోఫెనాక్ రకం సొంతంగా వేయకండి, రక్తస్రావం, కిడ్నీ భయం ఉంది. ఆకుపసర్లు, నాటుమందులు ఈ కాలంలో పూర్తిగా పక్కన పెట్టండి.

క్లోమం పోతే ఇన్సులిన్ తగ్గుతుంది. షుగరును పైకి లేపే గ్లుకగాన్ కూడా తగ్గుతుంది. కాబట్టి షుగరు పడిపోతే తిరిగి లేవడం కష్టం. ఫీడ్ వెళ్తుందనుకుని ఇన్సులిన్ ఇచ్చాక ట్యూబు మూసుకుపోతే ప్రమాదం అదే. ఫీడ్ ఆగితే వెంటనే షుగరు చూసి డాక్టరుకు ఫోన్ చేయండి. 70 కంటే తగ్గితే మెలకువగా ఉన్న మనిషికి మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడాలి.

10. పైపు చుట్టూ చర్మం

క్లోమరసం పేగు రసంతో కలిసిందంటే అందులోని ఎంజైములు మేలుకుని చర్మాన్నే అరిగించడం మొదలుపెడతాయి. పైపు పక్కనుంచి ఊరుతుంటే గుడ్డలు కుక్కకండి. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, ఒత్తి ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ క్రీము మందంగా పూయండి. ఎక్కువగా ఊరితే స్టోమా బ్యాగు (చర్మానికి అతికించే సంచి) అంటించమని నర్సును అడగండి. దాని కింద క్రీము రాస్తే అతుక్కోదు, బ్యాగు పెట్టేటప్పుడు చర్మం పొడిగా ఉండాలి.

11. ఎరుపు కనిపిస్తే

డ్రెయిన్‌లో తాజా ఎర్రటి రక్తం, చెంచాడైనా సరే, వచ్చిందంటే ఆ గంటే బయల్దేరండి. కారిన రసం పక్కనున్న ధమని గోడను కొరికేస్తుంది. మొదట కొద్దిగా వచ్చి ఆగిపోతుంది. గంటలకో, ఒకటి రెండు రోజులకో ఒక్కసారిగా పెద్ద రక్తస్రావం అవుతుంది. ఆగిపోయింది కదా అని తెల్లారేదాకా చూసి వచ్చిన కుటుంబాన్ని నేను చూశాను. ఆ రాత్రి వాళ్లకు ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే బాగుండేది. మొదటి చెంచా దగ్గరే వస్తే సీటీ యాంజియోలో (రక్తనాళాలను చూపే స్కాన్‌లో) చోటు కనిపెట్టి, తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి మూసేయొచ్చు. రక్తపు వాంతి, తారులాంటి నల్లటి మలం, కళ్లు తిరిగి చెమటలు పట్టడం కూడా ఇదే కావచ్చు. 108కు ఫోన్ చేయండి. చిన్న నర్సింగ్ హోముల చుట్టూ తిరగకుండా ఆపరేషన్ జరిగిన చోటికి, లేదా యాంజియో సౌకర్యం ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లండి.

101 డిగ్రీలు దాటిన జ్వరం, చలి వణుకు, మూత్రం తగ్గిపోవడం, మాట తికమకపడటం, బాగా కారుతున్న డ్రెయిన్ హఠాత్తుగా ఆగి కడుపు నొప్పి రావడం, ఇవన్నీ కూడా అదే రోజు చూపించాలి. ఆఖరిదాన్ని చూసి తగ్గిందని సంతోషపడతారు. పైపు మూసుకుపోయి రసం లోపలే గడ్డకడుతూ ఉండొచ్చు.

12. పైపు తీసే దాకా

రోజుకు కారేది 10, 20 మి.లీ.కు తగ్గి, అమైలేజ్ పడిపోయి, జ్వరం లేకుండా, తిన్నా పెరగకుండా ఉంటే సర్జన్ డ్రెయిన్‌ను కొంచెం కొంచెంగా బయటికి లాగి, చివరికి తీసేస్తారు. కొందరికి రెండు మూడు వారాలు, కొందరికి రెండు నెలలు పడుతుంది. వారాలు గడిచినా తగ్గకపోతే స్కాన్ చేసి, ఎండోస్కోపీ ద్వారా స్టెంట్ (రసం పేగులోకి వెళ్లేలా పెట్టే సన్నటి గొట్టం) వేసే వీలుందేమో అడగండి.

డ్రెయిన్ తీసిన రోజే ఫీడింగ్ ట్యూబు కూడా తీసేయమని తొందరపెట్టకండి. నోటితోనే రోజంతా కావలసినది వారం రోజులు నిలకడగా తింటున్నాడని మీ నోటుపుస్తకం చూపించాక తీయించండి. ఎంజైము క్యాప్సూళ్లు ఆ తర్వాత కూడా కొనసాగుతాయి, చాలామందికి జీవితాంతం. చెకప్‌కు వెళ్లేటప్పుడు నోటుపుస్తకం, మందుల డబ్బాలు, మిగిలిన ఇంజెక్షన్లు ఒకే సంచిలో పెట్టుకుని వెళ్లండి.